నియా బేలో చేజారిన చేప

సియాటిల్ నుంచి నియా బే చేరడానికి పడవ దాటిన సమయంతో కలిపి ఐదు గంటలు పట్టింది. పోర్ట్ ఏంజెలెస్ దాటాక వచ్చే 112వ నంబరు రోడ్డు మలుపులకు నా కడుపు పడిన బాధ తప్ప ఆ రోజు గురించి చెప్పడానికి ఏమీ లేదు.

అలాస్కా, హవాయిలను మినహాయిస్తే అమెరికాకు వాయవ్యపు కొసన ఉన్న, మకా అనే అమెరికా ఆదివాసీ తెగవారి ఊరు అది. చేపల వేట పడవకు మనిషికి 300 డాలర్లకు పైగా అడిగారు. లైసెన్సు ఖర్చు వేరు. ఆ డబ్బుతో మా వీధి చివరి దుకాణంలో ఎన్నాళ్లకు సరిపడా సాల్మన్ వచ్చేదో లెక్క వేసుకుంటూనే తెల్లవారుజామున పడవ ఎక్కాను.

టటూష్ దీవి దీపస్తంభం మంచులో మసకగా కనిపిస్తుండగా, బరువైన సీసపు గుండుకు గాలపు తాడును తగిలించి ఎరను లోతుకు దించారు. చాలాసేపటికి గడ వంగింది. చేతులు లాగేసేదాకా పెనుగులాడి పడవ పక్కకు తెచ్చిన కోహో సాల్మన్ ఆ రోజు దొరికినవాటన్నింటిలోకీ పెద్దది. పడవ నడిపే పెద్దాయన వంగి, దాని వీపు చూసి, "రెక్క ఉంది" అన్నాడు. దానిని నీటిలోంచి పైకి ఎత్తకుండానే ముల్లు లేని గాలాన్ని ఊడదీశాడు. నేను ఫోను తీసేలోగా చేప మాయమైంది.

హేచరీలో, అంటే గుడ్లు పొదిగించే కేంద్రంలో, పెంచిన చేపపిల్లలకు తోకకు ముందు, వీపు మీద ఉండే చిన్న రెక్కను కత్తిరించి వదులుతారట. అది ఉన్నదంటే ఏటిలో సహజంగా పుట్టినదని గుర్తు, ఉంచుకోకూడదు. అమెరికా ప్రభుత్వంతో 1855లో చేసుకున్న ఒప్పందంలో భూమిని వదులుకున్నా చేపల వేట హక్కును వదులుకోని తెగకు చెందిన మనిషి చెబుతుంటే నేనేమి వాదించగలను? అయినా చాలాసేపు ముఖం మాడ్చుకునే కూర్చున్నాను.

యానాంలో మా తాతయ్య, సముద్రంలో విలస గోదావరి ఎర్రనీటికి ఎదురీదితేనే పులస అవుతుందని, రుచంతా ఆ నీటిదేనని చెప్పేవారు. ఆ మాట చెబితే పెద్దాయన నవ్వాడు. సాల్మన్ సంగతి తలకిందులు: ఏరెక్కిన తరువాత మేత మానేస్తుంది, కండ చెడుతుంది, గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. తినదలచుకుంటే ఉప్పునీటిలో ఉండగానే పట్టాలి.

రేవులో రెక్క కత్తిరించిన నా రెండు చిన్న చేపలను కోస్తూ ఆయన తలలు పక్కకు నెట్టబోతుంటే, పులుసుకు అవే ముఖ్యమని ఆపాను. ఆ రోజంతటిలో మొదటిసారి ఆయన నన్ను గౌరవంగా చూశాడు. మిగతావారు వద్దన్న తలలు కూడా నా ఐసుపెట్టెలోకే వచ్చాయి. వాటికి మాత్రం ఎవరూ డబ్బు అడగలేదు.