పాత సౌండ్ సిస్టం కొనుగోలు: విశాఖలో మా బృందానికి ఎదురైన అనుభవం

మా ఆర్కెస్ట్రా కోసం పాత సౌండ్ సిస్టం కొనే పని ఈ ఆషాఢంలోనే ముగిసింది. రిసెప్షన్లలో, సంగీత్ కార్యక్రమాలలో, చవితి పందిళ్లలో పాడే మాలాంటి బృందాలకు ప్రతి ప్రోగ్రాముకూ అద్దె సౌండు మీద ఆధారపడడం ఎంత భారమో ఈ వృత్తిలో ఉన్నవారందరికీ తెలుసు. వచ్చిన డబ్బులో పెద్ద వాటా ఆ అద్దెకే పోతుంది. పైగా ఆ రాత్రి మిక్సర్ (మైకుల, వాద్యాల ధ్వనిని కలిపి సరిచేసే పెట్టె) దగ్గర కూర్చున్న మనిషికి మన పాట మీద ఎంత శ్రద్ధ ఉంటే మనకు అంతే పేరు దక్కుతుంది. చివరి వరుసలో కూర్చున్న ముసలమ్మకు కూడా సాహిత్యం స్పష్టంగా వినబడుతుందన్నది మా బృందానికున్న పేరు. దానిని మరొకరి చేతిలో పెట్టి తిరగడం నాకు ఇక ఇష్టం లేకపోయింది.

మాకు కావలసినవి గొంతును పలికించే 15 అంగుళాల టాప్ బాక్సులు రెండు, 18 అంగుళాల బేస్ బాక్సులు రెండు, వాటికి తగిన ఆంప్లిఫయర్లు, 16 చానళ్ల మిక్సర్. నాలుగైదు వందల మంది పట్టే కల్యాణ మండపానికి ఇంతకు మించి అక్కరలేదు. బీచ్ రోడ్డు వైపు లాన్లలో ఇంకా పెద్ద సెట్టు కావాలని చాలామంది చెబుతారు గాని, 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు బహిరంగ ప్రదేశాలలో లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పదింటికి ఆపివేయవలసిన కార్యక్రమానికి ఊరంతా అదిరే సామాను కొనడం డబ్బు దండగ అని నా గట్టి అభిప్రాయం.

డబ్బు విషయం త్వరగానే తేలింది. పాత సామానుకు డీలరు కొటేషన్ ఉండదు గనుక రుణం కుదరదని బ్యాంకులో చెప్పారు. పాడి బతికేవారి ఆదాయాన్ని ఆదాయంగా లెక్కించడం ఆ కుర్చీలలో కూర్చున్నవారికి ఇంకా అలవాటు కాలేదు. నేను చీటీ పాడుకున్నాను. కొనడానికి ఆషాఢమే సరైన నెల. ముహూర్తాలు ఉండవు, సామాను గోడౌన్లలో పడి ఉంటుంది, అమ్మేవారు బేరానికి దిగుతారు. చవితి దగ్గర పడిన తరువాత అదే సామానుకు ధర బిగుసుకుంటుంది.

అమ్మకానికి పెట్టిన సామాను వివరాలలో వాట్ల లెక్కను నేను మొదటి నుంచీ పక్కన పెట్టాను. ఆగకుండా మోయగల శక్తిని ఆర్.ఎం.ఎస్. వాట్లలో చెబుతారు, క్షణకాలం మాత్రమే తట్టుకోగల పీక్ వాట్లను సాధారణంగా దానికి నాలుగింతలు చూపిస్తారు. 1,600 వాట్లు అని గొప్పగా రాసిన బాక్సు నిజంగా మోసేది చాలాసార్లు 400 మాత్రమే. అమ్మేవారు ఏ వాట్లో చెప్పకుండా అంకె మాత్రమే చెబితే, అది పీక్ అంకె అనుకోవడం మంచిది.

ఇక గాజువాక వైపు ఒక గోడౌన్‌లో జరిగినది చెప్పాలి. నాతో మా కీబోర్డు వాయించే తమ్ముడు వచ్చాడు. యజమాని నాకు కుర్చీ వేయించి, టీ తెప్పించి, ఆ క్షణం నుంచి ప్రతి మాటా అతనితోనే మాట్లాడడం మొదలుపెట్టాడు. బృందం నాది, డబ్బు నాది, అడుగుతున్నది నేను. టాప్ బాక్సులలో సన్నని ధ్వనులను పలికించే హారన్ల డయాఫ్రమ్‌లు (లోపల కంపించే పలుచని పొరలు) ఎప్పుడైనా మార్చారా అని నేను అడిగితే, ఆయన తమ్ముడి వైపు తిరిగి, "మేడమ్ గారు పాటలు సూసుకుంటారు, సామాను సంగతి మనం మాటాడుకుందాం" అన్నాడు. సామాను మోసే కుర్రాళ్లు నవ్వారు. తమ్ముడు తల వంచుకుని, "అక్కనే అడగండి సార్, ఆవిడకే తెలుసు" అన్నా ఆయన ధోరణి మారలేదు.

ఆ తరువాత ఆయన ఫోను తగిలించి, బీటు తప్ప మరేమీ లేని పాట ఒకటి పెట్టి, అన్ని బాక్సులూ ఒకేసారి మోగించాడు. షట్టరు అదిరింది. సామాను పరీక్షించామని అందరూ సంబరపడేది సరిగ్గా ఇక్కడే. ఆ మోతలో ఒక బాక్సులోని లోపాన్ని పక్క బాక్సు కప్పేస్తుంది, హారన్ లోపాన్ని బేసు కప్పేస్తుంది. ఒక్కొక్క బాక్సునూ విడిగా, నా మైకుతో, మాట మీద వినాలని అడిగాను. "ఈ బాక్సులతో ఎన్నో పెద్ద ప్రోగ్రాములు కొట్టాం, ఎవులూ ఇలా అడగలేదు" అన్నాడు. అయినా నేను పట్టు వదలకపోయేసరికి విసుగ్గా వైరు తగిలించమన్నాడు.

నా మైకులో నేను పాట పాడలేదు. "విశాఖ, సీతమ్మధార, శంఖం, చైత్రం" అని నెమ్మదిగా పలికాను. టాప్ బాక్సులో సుమారు 2,000 హెర్ట్జ్ పైనున్న ధ్వనిని హారనే పలికిస్తుంది. శ, ష, స, చ అక్షరాల పదునంతా ఆ పై భాగంలోనే ఉంటుంది. ఎడమ బాక్సులో ప్రతి అక్షరమూ విడివిడిగా వినిపించింది. కుడి బాక్సులో మాత్రం "సీతమ్మధార" అన్న మాట మూతికి గుడ్డ కట్టుకుని పలికినట్టు ఉంది. డయాఫ్రమ్ చెడిపోయి ఉండాలి, లేదా నాసిరకం నకలు వేసి ఉండాలి. తెలుగు పాడేవారికి ఇంతకన్నా నమ్మకమైన పరీక్ష మరొకటి లేదు, దీనికి పైసా ఖర్చు కూడా లేదు.

తరువాత మల్టీమీటరు తీశాను. ఓమ్ అంటే కరెంటుకు ఎదురయ్యే అడ్డు కొలత. 8 ఓమ్‌ల బేస్ స్పీకరును వైరు విప్పి కొలిస్తే మీటరులో సాధారణంగా ఐదున్నర నుంచి ఆరున్నర మధ్య చూపాలి. ఒక బాక్సు ఆరుకు దగ్గరగా చూపింది. రెండవది మూడు దాటి కాస్త పైన ఆగింది. కాలిపోయిన కాయిల్ (స్పీకరు లోపలి తీగచుట్ట) స్థానంలో 4 ఓమ్‌ల కాయిల్ చుట్టించారన్నమాట. ఆ రెండు బాక్సులనూ ఆంప్లిఫయర్‌లో ఒకే చానల్‌కు కలిపితే రెండింటి లెక్క 2.7 ఓమ్‌ల దగ్గరకు దిగుతుంది. ఓమ్‌లు తగ్గేకొద్దీ ఆంప్లిఫయర్ మీద భారం పెరుగుతుంది. ఆ ఆంప్లిఫయర్ వెనుక మాత్రం 4 ఓమ్‌లకు తగ్గకూడదని అచ్చువేసి ఉంది. షాపులో పది నిమిషాలు బాగానే మోగుతుంది. ముహూర్తం దాటి పాటల జోరు పెరిగిన వేళ వేడెక్కి ఆగిపోతుంది.

ఈ లెక్కంతా నేను ఆయనకు వినబడేలా తమ్ముడికి చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది. "సామాను కొనాలంటే మగపిల్లల్ని పంపండమ్మా, ఆలతో మాటాడతాను" అని అందరి ముందూ గట్టిగా అన్నాడు. నేను నా మైకు కేబులు చుట్టుకుని బయటికి వచ్చేశాను. గాజువాక నుంచి ఇల్లు చేరేవరకు నాకు నోట మాట రాలేదు. వేదిక మీద మా గొంతు కావాలి, ఆ గొంతును మోసే పెట్టె గురించి మేము నోరెత్తకూడదు. ఈ పద్ధతి మా పాడేవారిలోనే కొందరు మౌనంగా ఒప్పుకుంటూ వచ్చారు. ఓమ్ అంటే ఏమిటో, ఆర్.ఎం.ఎస్. అంటే ఏమిటో నేర్చుకోవడానికి ఒక ఆదివారం చాలు. పాడే ఆడపిల్లలు తప్పక నేర్చుకోవాలి.

చివరికి కొన్నది అనకాపల్లి దగ్గర, వయసు మీద పడి బృందాన్ని చాలించుకున్న ఒక పెద్దాయన దగ్గర. మేము వెళ్లేసరికే బాక్సులు పెరట్లో సర్ది ఉంచారు. "ముందు గంటసేపు వాయించుకో అమ్మా, డబ్బు మాట తరువాత" అన్నారు. "మాస్టారూ, మేము దేనికీ మొహమాటపడం" అని ముందే చెప్పి, ఒక్కొక్క స్పీకరు కోనునూ (ముందు కనిపించే గరాటు లాంటి భాగం) నాలుగు వేళ్లతో సమంగా నొక్కి, లోపల కాయిల్ గీసుకుంటున్న చప్పుడు ఉందేమో విన్నాము. ఫోనులోని యాప్‌తో ఒంటి స్వరాన్ని లోతైన 40 హెర్ట్జ్ నుంచి పైకి తీసుకువెళ్లాము. ఒక బాక్సు పిడి వదులై గలగలమనడం తప్ప మరే లోపమూ లేదు. గంట తరువాత, అన్నీ వేడెక్కి ఉన్నప్పుడు, "సీతమ్మధార" మళ్లీ పలికి చూశాను. రెండు బాక్సులలోనూ ఒకేలా వినిపించింది. సముద్రపు గాలి తగిలిన సామానులో ముందు తుప్పు పట్టేది జాలీ, మరలు, సాకెట్లు. వాటిని టార్చి వేసి చూశాము. మరల తలలు చెదిరి ఉంటే బాక్సు విప్పారని గుర్తు. ఇక్కడ అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఆయన 1,80,000 అడిగారు, 1,65,000కు ఇచ్చారు.

డబ్బు బ్యాంకు ద్వారానే పంపాను. ప్రతి వస్తువు సీరియల్ నంబరూ రాసిన కాగితం మీద ఇద్దరమూ సంతకం చేశాము, ఆయన దగ్గరున్న పాత బిల్లుల నకళ్లు తీసుకున్నాను. ఇవి లేని సామాను ఎంత చవకైనా, అది ఎవరిదో తెలియనట్టే.

కేబుళ్లు మాత్రం అన్నీ కొత్తవి కొన్నాము. ఆంప్లిఫయర్ కరెంటు తీగల్లో ఒకదానికి మూడవ పిన్ను, అంటే ఎర్తు పిన్ను, కోసేసి ఉంది. స్పీకర్లలో గుయ్‌మని వచ్చే హమ్ చప్పుడు పోవడానికి చాలామంది చేసే పని ఇదే. తడి గడ్డి మీద, జనరేటరు కరెంటుతో, ఎర్తు లేకుండా పాడితే పెదవులకు తగిలే మైకు ప్రాణం తీయగలదు. ఆ తీగను మాస్టారి ఎదుటే తీసి పక్కన పెట్టాము. సామాను టాటా ఏస్‌లో మర్రిపాలెం చేరిన తరువాత ఎలక్ట్రీషియన్‌ను పిలిచి కరెంటుకు తగిలించే ప్రతి పెట్టెకూ ఎర్తు చూపించుకున్నాను. శ్రావణంలో మొదటి రిసెప్షన్ మధురవాడలో ఒప్పుకున్నాము, సౌండు కూడా మాదేనని రేటులో కలిపి చెప్పాము.