హాలియా రోడ్డు మీద హెరాల్డ్

నల్లగొండ నుంచి నాగార్జునసాగర్ 60 కిలోమీటర్ల పైచిలుకు. మా చిన్నాయన పాత కారు స్టాండర్డ్ హెరాల్డ్‌లో పోతే ఎంతసేపు పడుతుందన్నది బండిని బట్టి ఉండదు, దారిలో చాయ్ తాగుతున్న జనాన్ని బట్టి ఉంటుంది. ఆగితే చాలు, చుట్టూ మూగుతారు. "గిదేం బండి సారూ?" "ఇంజన్ ఉన్నదా అండ్ల?" "ఎంతకిస్తరు?" చివరి ప్రశ్నకి చిన్నాయన జవాబు చెప్పడు. మిగతావాటికి అడిగినదానికన్నా ఎక్కువే చెప్తాడు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి మరి.

శివరాత్రి ఇంకా రాకముందే ఎండ ముదిరిన ఒక ఆదివారం బయల్దేరాం. సాగర్ హిల్ కాలనీలో ఆయన పాత దోస్తు ఉన్నాడు, ప్రాజెక్టు వర్క్‌షాపులో పనిచేసి రిటైరైనాయన. తన దగ్గర ట్రంకుపెట్టెలో హెరాల్డ్ సామాన్లు కొన్ని ఉన్నాయని కబురు పంపాడు. "బుద్ధవనం చూపిస్తనంటివి, ఇప్పుడు ట్రంకుపెట్టె చూడనీకి రమ్మంటవా?" అని చిన్నమ్మ రానంది. ముందు సీటు నాకు దక్కింది.

ఈ కారు ఆయన కొనుక్కుందామని వెతికి కొన్నది కాదు. 1966 మోడల్, రెండు తలుపులు. మొదట నల్లగొండలో ఒక డాక్టరుది. ఆయన పోయాక కాంపౌండరుకు వచ్చింది, జీతం బాకీ కింద. కాంపౌండరు కొన్నాళ్ళు నడిపి, పెట్రోలుకు తాళలేక కనగల్ దిక్కు తన బత్తాయి తోటలో మోటరు కొట్టంలో పెట్టాడు. వాళ్ళబ్బాయి చిన్నాయన దగ్గర చదువుకున్నాడు. తోటకు బత్తాయిలకని పోయిన చిన్నాయనకు కొట్టంలో, ఎరువు బస్తాల వెనక, గుండ్రటి దీపాలు రెండు కనబడ్డాయట. వెనక సీటులో కోడి పొదుగుతోంది. "తీస్కపో సారూ, కోళ్ళు లేచినంక" అన్నాడు ఆసామి. డబ్బు వద్దన్నాడు. ఊరికే ఇస్తే ఆర్సీ పేరు మార్చుకునేటప్పుడు మాటొస్తుందని చిన్నాయన బలవంతంగా పాత ఇనుము రేటు కట్టి ఇచ్చాడు. కోడిపిల్లలు లేచేదాకా ఆగి, ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చాడు.

ఇలాంటి బండ్లున్న వాళ్ళను నేను చాలామందినే చూశాను. వాళ్ళలో మోజుపడి కొన్నవాళ్ళు తక్కువ. ఎవరో పారెయ్యడానికి మనసొప్పక వీళ్ళ చేతిలో పెట్టి పోయినవే ఎక్కువ. ప్రేమ తర్వాతి సంగతి, పాయింట్లు గీకి, కార్బురేటరు విప్పి, చేతులు నల్లబడ్డాక పుట్టేది.

కనగల్ దాటేదాకా నాకు బండి మీద పెద్ద అభిప్రాయం లేదు. ఏసీ లేదు, పెట్రోలు వాసన, అద్దం దింపితే దుమ్ము. ఇంజన్ 948 సీసీ, దాదాపు 35 హార్స్‌పవరు. 60 స్పీడు దాటితే చిన్నాయనే తగ్గిస్తాడు. వెనక నుంచి ఇసుక లారీ హారన్ కొడితే మర్యాదగా పక్కకు జరుగుతాడు. సుఖం కోసం ఎక్కే బండి కాదిది.

హాలియాలో చాయ్‌కి ఆగినప్పుడు అసలు తమాషా చూశాను. బానెట్ తీయమని ఒక పిల్లగాడు అడిగాడు. చిన్నాయన రెండు పక్కలా కొక్కేలు వదిలి ఎత్తాడు. బానెట్ ఒక్కటే కాదు, మడ్‌గార్డులు, దీపాలు, ముందు మొహం మొత్తం ముందుకు వంగిపోయింది. ఇంజన్, ముందు చక్రాలు, స్ప్రింగులు అన్నీ ఆరుబయట. ఆయన పోయి ముందు టైరు మీద కూర్చున్నాడు, అరుగు మీద కూర్చున్నంత తీరుబడిగా. "గిట్ల కూసోని పని చేసుకోవచ్చు బిడ్డా. ఇప్పటి కార్ల ప్లాస్టిక్ మూత తప్ప ఏం కనిపిస్తది?" పిల్లగాడు రెండో టైరు మీద ఎక్కి కూర్చున్నాడు.

అక్కడే పాఠం మొదలైంది. ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్ పేరుతో 1959లో వచ్చిన కారు ఇది. గీసింది ఇటలీలో టురిన్ వాడు, జొవాన్నీ మికెలోట్టి. అప్పటికి మిగతా కంపెనీలు కింద ఛాసిస్ అనే ఇనుప చట్రం లేకుండా బాడీ అంతా ఒకే పెట్టెగా చేయడానికి మారుతుంటే వీళ్ళు పాత పద్ధతిలో విడిగా ఛాసిస్ పెట్టారు. వీళ్ళకు బాడీలు చేసిపెట్టే ఫ్యాక్టరీని పోటీ కంపెనీ కొనేసింది. దాంతో ముక్కలు ముక్కలుగా వేరువేరు చోట్ల చేయించి, ఛాసిస్ మీద బోల్టులతో బిగించాల్సి వచ్చింది. వాళ్ళ తిప్పలే మనకు కలిసొచ్చాయి. విడి ముక్కలు కాబట్టి ఓడలో తెచ్చి బిగించడం తేలిక. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్ళు చేశారు. ఆ రోజుల్లో మన దేశంలో కారు కొనాలంటే అంబాసిడరు, ఫియట్టు, లేకుంటే ఇది. తర్వాత మద్రాసు వాళ్ళు దీనికి నాలుగు తలుపులు కూడా పెట్టారు. ఇంగ్లండు హెరాల్డ్‌కి నాలుగు తలుపులు ఎప్పుడూ లేవు.

"అయితే నడుస్తదా?" అన్నాడు చాయ్ కొట్టాయన. ఇంతసేపు విని అదా అడిగేది! చిన్నాయన నవ్వి, బానెట్ మూసి, ఆ ఇరుకు సందులోనే స్టీరింగ్ మొత్తం తిప్పి ఒక్క చుట్టులో బండిని వెనక్కి మళ్ళించి చూపించాడు. 25 అడుగుల వెడల్పులో గుండ్రంగా తిరుగుతుంది. ఆటోవాళ్ళు ఈల వేశారు.

పెద్దవూర దాటాక గుట్టలు, మలుపులు. అక్కడ చిన్నాయన మాట్లాడటం మానేశాడు. హెరాల్డ్ వెనక చక్రాలు ఒక్కోటి విడిగా ఊగుతాయి, నడుమ పైన అడ్డంగా ఒకే కమాను పట్టీ. మలుపులో వేగంగా పోతూ ఒక్కసారి యాక్సిలరేటరు వదిలితే వెనక భాగం లేస్తుంది, బయటి చక్రం కాలు మడిచినట్టు లోపలికి ముడుచుకుంటుంది, బండి పక్కకు జారుతుంది. అందుకని మలుపుకు ముందే నెమ్మదించాలి, మలుపులో కాలు స్థిరంగా ఉంచాలి. ఇది పుస్తకంలో చదివితే నాకు అర్థమయ్యేది కాదు. ఆయన పాదం చూస్తూ కూర్చుంటే అర్థమైంది.

హిల్ కాలనీలో దోస్తు ఇల్లు ప్రాజెక్టు నాటి క్వార్టరు. 1955లో నెహ్రూ పునాదిరాయి వేశాక ఊరు ఊరంతా ఆనకట్ట పని కోసం పుట్టిందే. ఆయన హెరాల్డ్ ఎన్నడూ కొనలేదు. ఒక ఇంజనీరు సాబు బండి పాడైతే విప్పాడట. సాబుకు బదిలీ అయింది, ఛాసిస్ ఇనుము కింద పోయింది, చిల్లర సామాను ఈయన దగ్గర మిగిలింది. ట్రంకుపెట్టె తెరిస్తే పాత ఈనాడు కాగితాల్లో చుట్టిన డిస్ట్రిబ్యూటర్ మూత, డోర్ హ్యాండిల్, ముందు చక్రాల దగ్గర ఉండే ఇత్తడి రంగు ట్రనియన్లు జత.

ట్రనియన్లు చూడగానే చిన్నాయన కుర్చీలోంచి లేచాడు. ముందు చక్రం తిరగడానికి కింద ఆధారం ఇదే. మరలాగా తిరిగే జాయింటు. దీనికి గ్రీజు పెట్టకూడదు, 90 నంబరు గేరాయిల్ పట్టాలి. గ్రీజు గట్టిపడితే లోపల ఎండిపోయి బిగుసుకుంటుంది, ఒకరోజు చక్రం విరిగి పక్కకు ఒరుగుతుంది. నిప్పిల్ కనబడగానే గ్రీజు గన్ పెట్టే మెకానిక్కుల చేతుల్లో ఎన్ని హెరాల్డ్‌లు ఇలా పాడయ్యాయో అని ఇద్దరూ కాసేపు బాధపడ్డారు. దోస్తు డబ్బులు తీసుకోలేదు. "బండి నడుపు, చాలు" అన్నాడు. లోపలికి పోతూ మళ్ళీ వెనక్కి తిరిగి, "మిర్యాలగూడల ఒక రైస్ మిల్లుల నాలుగు తలుపులది ఉన్నది, తెలుసునా?" అన్నాడు. ఇక నల్లగొండ దారి మర్చిపోవాల్సిందే.

అన్నం తిని బయల్దేరేసరికి ఎండ మండుతోంది. హాలియా రాకముందే ఇంజన్ దగ్గి ఆగిపోయింది. వేడికి గొట్టంలోనే పెట్రోలు ఆవిరవుతుంది, పంపు ఆవిరిని లాగలేదు. చిన్నాయన కంగారు పడలేదు. సీటు కింది నీళ్ళ బాటిల్‌తో తువ్వాలు తడిపి పెట్రోలు పంపు మీద చుట్టి, వేపచెట్టు కింద నిలబడ్డాడు. ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక రబ్బరు గొట్టాలన్నీ మార్పించాడట, పాత రబ్బరు దానికి తట్టుకోదు. వింటేజ్ నంబరు తీసుకోవచ్చు కదా అన్నాను. 50 ఏళ్ళు దాటిన బండ్లకు 2021 నుంచి ఆ వీలుంది. "తీస్కుంటే రోజూ నడపొద్దంటరు. నడపని దానికి నంబరెందుకు?" అన్నాడు. ఐదేళ్ళకోసారి ఆర్టీఓ ఆఫీసుకు పోయి మామూలు రిజిస్ట్రేషనే పొడిగించుకుంటున్నాడు. కాసేపటికి సెల్ఫ్ కొడితే అందుకుంది.

నిడమనూరు మీదుగా మిర్యాలగూడ. రోడ్డుకు రెండు పక్కలా మిల్లులే, గాలిలో ఊకపొట్టు. మేం వెతికిన మిల్లు యజమాని నలభై దాటిన మనిషి. నాన్న కారు అని చెప్పాడు. ఊక కుప్ప పక్కన రేకుల కింద, టార్పాలిన్ కప్పి ఉంది. అమ్మడట. నడపడట కూడా. "మా నాయన పోయినంక ముట్టలే. అమ్మ తీసేయనియ్యది."

చిన్నాయన కొంటానని అననే లేదు. టార్పాలిన్ తీయొచ్చా అని అడిగాడు. తీసి, కొక్కేలు వదిలి, తుప్పు పట్టిన మొహాన్ని మెల్లగా ముందుకు వంచాడు. చొక్కా చేతులు మడిచి, స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్లో కొంచెం ఇంజన్ ఆయిల్ పోసి, ఫ్యాను పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. మొదట కదల్లేదు. తర్వాత కొంచెం కదిలింది. యజమాని అప్పటిదాకా చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డవాడు దగ్గరకొచ్చాడు. "పట్టలే సారూ, జామ్ కాలే?" అన్నాడు. కాలేదన్నాడు చిన్నాయన. యజమాని ప్యాంటు పైకి లాక్కొని రెండో టైరు మీద కూర్చున్నాడు.

"బ్యాటరీ ఎన్ని వోల్టులది?"

"12."

"ట్రాక్టరుది నడుస్తదా?"

"ఎందుకు నడవదు?"

"అరేయ్, పొయ్యి ట్రాక్టరు బ్యాటరీ ఇప్పుకరా!" అని మిల్లులోకి కేకేశాడు. లోపలి నుంచి వాళ్ళమ్మ ఏమైందంటూ గడపలోకి వచ్చింది. చిన్నాయన చేతులు తుడుచుకుని ఫోన్ నాకిచ్చాడు, రాత్రి అన్నానికి రామని చిన్నమ్మకు నన్నే చెప్పమని.