కురువపురం రేవులో బాతుల కోసం

జనవరిలో ఒక ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి నేనూ మా మేనల్లుడూ పాలమూరులో బండి తీశాం. దేవరకద్ర, మరికల్ దాటి మక్తల్‌లో చాయ్ తాగి, పంచదేవ్ పహాడ్ రేవు చేరేసరికి నది మీద మంచు ఇంకా విడలేదు. అక్కడి నుంచే కృష్ణ మధ్యలో ఉన్న కురువపురం దీవికి దాటుతారు. శ్రీపాద శ్రీవల్లభుల క్షేత్రం కాబట్టి వచ్చేవాళ్లలో ఎక్కువమంది దత్త భక్తులే. చిన్నప్పుడు అమ్మ వెంట నేనూ దర్శనానికే వచ్చాను, ఈసారి మాత్రం బాతుల కోసం.

బార్ హెడెడ్ గూస్ అనే పెద్ద బాతు ఇది. ఒళ్లు బూడిద రంగు, తెల్లటి తల మీద రెండు నల్లటి పట్టెలు, ముక్కూ కాళ్లూ పసుపు. ఎండాకాలమంతా మంగోలియా, టిబెట్, లద్దాఖ్ సరస్సుల దగ్గర పిల్లల్ని పెంచి, చలికాలానికి హిమాలయాలు దాటి మన దగ్గరికి వస్తుంది. ఏడు వేల మీటర్లకు పైన ఎగిరినట్టు పరికరాలు కట్టి చూసినవాళ్లు రికార్డు చేశారు. గాలి అంత పల్చగా ఉన్నా దీని రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. అంత దూరం ఎగిరొచ్చిన పక్షి మా జిల్లా బండరాళ్ల మీద కూర్చుంటుందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మోటారు పడవ వద్దని పుట్టి మాట్లాడుకున్నాం. వెదురు బద్దలతో అల్లిన గుండ్రటి పుట్టి, ఒక్కటే తెడ్డు, అసలు చప్పుడే ఉండదు. లైఫ్ జాకెట్లు వేసుకుని కూర్చున్నాం. నడిపే పెద్దాయన దీవికి నేరుగా పోకుండా, నీళ్లు తగ్గి బయటపడ్డ రాళ్ల వైపు తిప్పాడు. మొదట నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ కనిపించాయి, తర్వాత మెడ ముడుచుకుని నిలబడ్డ నారాయణపక్షి ఒకటి. దాని వెనక ఇసుక తిన్నె మీద, మంచులో రాళ్లే అనుకున్నవి మెల్లగా తలలెత్తాయి.

"మామా, పట్టెలు!" అన్నాడు మావాడు గొంతు తగ్గించి.

"జర సప్పుడు చేయకుండ్రి సారూ. ఇంక దగ్గరికి పోతే లేస్తయి," అని పెద్దాయన తెడ్డు ఆపేశాడు. బైనాక్యులర్స్‌లో లెక్కపెడితే నలభైకి పైనే ఉన్నాయి. సగం ఒంటికాలి మీద నిద్ర, నాలుగైదు మాత్రం మెడలు నిక్కించి కాపలా. పొద్దంతా ఇక్కడ ఉండి మాపటికి పల్లి చేన్లకు పోతాయని ఆయనే చెప్పాడు. రాత్రంతా మేసి పగలు సేదతీరే పక్షులవి.

అప్పుడే దీవికి పోతున్న ఒక మోటారు పడవలోంచి ఎవరో ఈలలు వేశారు, ఫోన్‌లో వీడియో కోసం అవి ఎగరాలట. గుంపు మొత్తం లేచింది. నాకు చాలా కోపం వచ్చింది. మార్చిలో మళ్లీ ఆ కొండలన్నీ దాటడానికి ఇప్పటి నుంచే ఒంట్లో కొవ్వు దాచుకోవాలి కదా, ఊరికే ఎగరగొడితే ఆ బలమంతా దండగ. ఎవరైనా వెళ్తే దయచేసి దూరంగానే ఆగండి, వాటంతట అవే కనిపిస్తాయి.

పెద్దాయన పుట్టిని కదలనివ్వలేదు. అరగంట అలాగే కూర్చున్నాం. ఈలోపు పసుపు ముక్కు రివర్ టెర్న్‌లు రెండు మా తల మీదుగా తిరిగాయి. ఇవి ఇక్కడివే, ఎండాకాలం మొదట్లో ఇలాంటి ఇసుక మీదే గుడ్లు పెడతాయి, పైనుంచి ఒక్కసారిగా నీళ్లు వదిలితే గూళ్లు మునిగిపోతాయి.

మంచు విడి ఎండ వచ్చాక బాతులు ఆంగ్, ఆంగ్ అంటూ ఒక చుట్టు తిరిగి అదే తిన్నె మీద దిగాయి. దర్శనం చేసుకుని తిరిగొచ్చేటప్పుడు చూస్తే, మళ్లీ ఒంటికాలి మీద నిద్రపోతున్నాయి.