ఒకే చ, రెండు పలుకులు

మంచి, మంచం, మంచు అనే మూడు మాటలను నెమ్మదిగా పలికి చూడండి. మంచి అన్నప్పుడు అంగిలిని తాకే నాలుక, తక్కిన రెండింటిలో పళ్ళ వెనక్కి జరిగి 'త్స'కు దగ్గరైన ధ్వనిని పుట్టిస్తుంది. మొదటిది తాలవ్యం, రెండవది దంత్యం. అచ్చతెలుగు మాటల్లో సాధారణంగా ఇ, ఎ అచ్చులకు ముందు తాలవ్యం వస్తుంది కనుక చీర, చెట్టు ఒక విధంగానూ, చలి, చుట్టం, జడ, జొన్న మరొక విధంగానూ పలుకుతాము. పెంచు అనే క్రియలో దంత్యంగా ఉన్న చకారమే పెంచింది అనేసరికి తాలవ్యమవుతుంది. సంస్కృతం నుంచి వచ్చిన చక్రం, జనం తాలవ్యాలే. అందుకే చంద్రుణ్ణి తాలవ్యంతో పలికేవారిలోనే కొందరు చందమామను దంత్యంతో పిలుస్తారు. మన పొరుగున మరాఠీలో కూడా ఈ రెండు ధ్వనులూ ఉన్నాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ చాప. చేపల పులుసును చాపల పులుసు అనే ఇళ్ళు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ఆ ఇళ్ళలో కూర్చునే చాపకు దంత్యం, కూరలో వేసే చాపకు తాలవ్యం; కాగితం మీద ఒకటిగా కనబడే రెండు మాటలు చెవికి ఏమాత్రం కలవవు. దీన్ని మొరటు ఉచ్చారణ అనడం అన్యాయం, ఎందుకంటే ఇంత సున్నితమైన తేడాను పొల్లుపోకుండా నిలుపుతున్నది ఆ నోళ్ళే.

నన్ను బాధించేది దంత్యం జారిపోవడం. తెలుగును ఇంట్లో వినడం కంటే పుస్తకంలో చదవడం ద్వారా ఎక్కువగా నేర్చుకునే పిల్లలు, ముఖ్యంగా నగరాల్లోనూ విదేశాల్లోనూ పెరిగేవారు, చలిని, జామను కూడా ఇంగ్లీషు చ, జలతోనే పలకడం తరచుగా వింటున్నాను. తప్పు వారిది కాదు, అచ్చులో ఆ తేడా చూపించని మనది. 1852లో వెలువడిన బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు దంత్య ఉచ్చారణను వేరుగా గుర్తించింది. దంత్యాల కోసం పైన గుర్తు పెట్టిన ౘ, ౙ అనే అక్షరాలు మనకు పూర్వం నుంచీ ఉన్నాయి; 2008లో అవి యూనికోడ్‌లోనూ చేరాయి. పత్రికల్లో, నవలల్లో వాటి అవసరం లేదు, చదివేవారికి మాట ముందే తెలుసు. ఒకటో తరగతి వాచకంలో మాత్రం ౘలి, ౙడ అని అచ్చువేయాలని నా గట్టి కోరిక.