అడిగే పరిమాణం, వచ్చే వేగం

ఉదయం నుంచి ముసురు. పర్లాకిమిడి వీధుల్లో జనం పలచగా ఉన్నారు. ఇలాంటి రోజుల్లో మా కంప్యూటర్ దుకాణానికి వచ్చేవాళ్లు తక్కువ కాబట్టి ఒక్క పని మీదే స్థిమితంగా కూర్చోవచ్చు. నిన్న విశ్రాంత ఉపాధ్యాయులొకరు పాత హార్డ్ డిస్కు ఇచ్చి వెళ్లారు. తాతగారి నాటి తెలుగు పత్రికలు, శుభలేఖలు, భూమి కాగితాలు స్కాన్ చేయించి అందులో దాచుకున్నారు. ఈ ఊరు 1936లో ఒడిశాలో చేరక ముందటి కాగితాలూ ఉన్నాయట. అన్నింటినీ కొత్త డిస్కులోకి ఎక్కించాలి.

పని నేర్చుకుంటున్న కుర్రాడు డిస్కును సాటా తీగతో బిగించి, లినక్స్‌లో డేటా కాపీ చేసే డీడీ కమాండు నడిపాడు. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) చదివిన డేటాను మెమరీలో దాచుకునే కాషెతో సంబంధం లేకుండా నేరుగా డిస్కు నుంచి చదివే డైరెక్ట్ పద్ధతి ఎంచుకున్నాడు. ఒక్కోసారి ఎంత అడగాలో చెప్పే బ్లాకు పరిమాణం ఇవ్వలేదు. ఇవ్వకపోతే డీడీ 512 బైట్ల చొప్పున అడుగుతుంది. తెర మీద వేగం ఎంతసేపటికీ పైకి లేవలేదు.

“డిస్కు పోయేలా ఉంది సార్” అన్నాడు దిగులుగా.

“పోలేదు బాబూ. బ్లాకు ఒక మెగాబైటు పెట్టి చూడు.”

ఎంటర్ నొక్కగానే అంకె ఎగబాకింది. డిస్కూ అదే, తీగా అదే. వాడి ముఖం వెలిగింది, నాకూ సంతోషం కలిగింది. ఎన్నిసార్లు చూసినా ఈ తేడా నాకు పాతబడదు.

ప్రతి రిక్వెస్టుకూ పరిమాణంతో పని లేని ఖర్చు ఒకటి ఉంటుంది. ప్రోగ్రాము కెర్నల్‌లోకి వెళ్లాలి, కెర్నల్ డిస్కుకు ఆదేశం పంపాలి, జవాబు వచ్చేదాకా ఆగాలి. అర కిలోబైటుకైనా మెగాబైటుకైనా ఆ తతంగం ఒక్కటే. పాతపట్నం బజారుకు వెళ్లి ఒక్కో వంకాయ తెచ్చుకుంటే కూర ఎప్పటికి ఉడుకుతుంది?

పైగా కావలసిన డేటా డిస్కులో తలోచోట ఉంటే ఖర్చు ఇంకా పెరుగుతుంది. మధ్యాహ్నం కాగితం మీద లెక్క వేసి చూపించాను. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కు పళ్లానికి ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు, డేటా చదివే హెడ్ కిందికి రావడానికి సగటున అర చుట్టు, హెడ్ జరగడానికి మరో 8 మిల్లీసెకన్లు అనుకుంటే మొత్తం 12 పైచిలుకు. అంటే సెకనుకు సుమారు 80 రిక్వెస్టులు. ఒక్కోదానికి 4 కిలోబైట్లే అడిగితే సెకనుకు వచ్చేది 320 కిలోబైట్లు. అదే ఒక్కో మెగాబైటు అడిగితే, డిస్కు వరుసగా సెకనుకు 150 మెగాబైట్లు ఇవ్వగలదనుకుంటే, చదవడానికి మరో 7 మిల్లీసెకన్లే కలుస్తాయి. వేగం సెకనుకు 50 మెగాబైట్లకు చేరుతుంది. కుర్రాడు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత డైరెక్ట్ తీసేసి మళ్లీ 4 కిలోబైట్లతో నడిపించాను. ఈసారి వేగం తగ్గలేదు. డిస్కుకు వెళ్లే రిక్వెస్టుల లెక్క చూపే ఐఓస్టాట్‌లో సగటు రిక్వెస్టు పరిమాణం 128 కిలోబైట్లు కనిపించింది. “మనం నాలుగే అడిగాం కదా సార్?” అన్నాడు. ఇది కెర్నల్ చేసే పనే. వరుసగా చదువుతున్నామని గ్రహిస్తే లినక్స్ ముందు భాగాన్ని తానే తెప్పించి కాషెలో ఉంచుతుంది. కొద్దిగా మొదలుపెట్టి క్రమంగా పెంచుకుంటూ మామూలుగా 128 దాకా వెళ్తుంది. తెచ్చిన పేజీల్లో, అంటే కాషెలోని చిన్న ముక్కల్లో, ఒకదానికి గుర్తు పెడుతుంది. చదువు ఆ గుర్తు దగ్గరికి రాగానే తర్వాతి విడత తెప్పించడం మొదలవుతుంది. ఇంత ముందుచూపు ఉన్న కోడ్ రాసినవాళ్లంటే నాకెంతో గౌరవం.

పెద్దగా అడగడానికీ హద్దు ఉంది. ఈ కంప్యూటర్‌లో కెర్నల్ ఒక్కో రిక్వెస్టును 1280 కిలోబైట్లకు మించనివ్వదు. ఎక్కువ అడిగితే ముక్కలు చేసి పంపుతుంది. అందుకే మెగాబైటు దాటాక వేగంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

మాస్టారి ఫైళ్లు చాలావరకు పెద్ద స్కాన్‌లు, మొదటి నుంచి చివరిదాకా వరుసగా చదవాల్సినవి. కాబట్టి ఆ డిస్కుకు రీడ్ అహెడ్, అంటే కెర్నల్ ముందుగా తెప్పించే పరిమాణం, 1024 కిలోబైట్లకు పెంచాను. పక్కన దుకాణం లెక్కల డేటాబేసు నడిచే కంప్యూటర్‌కు కూడా పెంచుదామన్నాడు కుర్రాడు. వద్దన్నాను. అక్కడ చదువు చిన్న చిన్న ముక్కలుగా ఎక్కడెక్కడో జరుగుతుంది. వాడని పేజీలు తెచ్చి కాషె నింపితే పనికొచ్చే పేజీలు బయటికి పోతాయి. దాన్ని 128 దగ్గరే ఉంచాం.