కలహారి అంచున హూడియా కోసం

దక్షిణాఫ్రికా వాయవ్య మూలన, ఆరెంజ్ నది ఒడ్డున అపింగ్టన్ అనే పట్టణం ఉంది. జొహానెస్‌బర్గ్ నుంచి చిన్న విమానంలో అక్కడ దిగి, కారు అద్దెకు తీసుకొని, నేనూ అనంతపురంలో వృక్షశాస్త్రం బోధించే నా మిత్రుడూ పడమటి దిక్కుగా బయలుదేరాము. నది పారినంత మేర ద్రాక్షతోటలు పచ్చగా కనిపిస్తాయి; నదికి కాస్త ఎడంగా వెళ్ళగానే రాళ్ళు తేలిన నేల, అక్కడక్కడ ముళ్ళపొదలు తప్ప మరేమీ ఉండవు. మేము చూడవచ్చిన మొక్క ఆ రాళ్ళలోనే పెరుగుతుంది. దాని పేరు హూడియా గార్డోనీ. కలహారి ఎడారిలోని ఆదివాసులైన శాన్ ప్రజలు వేటకు వెళ్ళినప్పుడు ఆకలీ దప్పికా తెలియకుండా ఉండేందుకు తరతరాలుగా దీని కాండాన్ని నమిలేవారు. బరువు తగ్గించే మందుగా ప్రపంచమంతటా పేరు మోగిన ఈ మొక్కను అది పుట్టిన నేల మీద చూడాలనీ, దాని గుణం మొదట తెలిసినవారి మాట వినాలనీ మా కోరిక.

ఆగ్రబీస్ జాతీయ ఉద్యానంలో ఆరెంజ్ నది 56 మీటర్ల లోతుకు గ్రానైట్ బండల మధ్య దూకుతుంది. జలపాతం దగ్గర అందరూ ఆగే చోట మేమూ కాసేపు ఆగి, తరువాత మాకు దారి చూపుతున్న యువకుడి వెంట బండల మీదుగా నడిచాము. కొమ్మలను తొలిచి శాన్ వేటగాళ్ళు అమ్ములపొదులుగా చేసుకొనే చెట్లు ఆ వాలు మీద నిలబడి ఉన్నాయి. కొంత దూరం పోయాక అతడు ఒక ఎండు పొద పక్కన కూర్చొని, దాని కొమ్మలను చేత్తో మెల్లగా పక్కకు తొలగించి చూపించాడు. లోపల వేలెడు ఎత్తున, బూడిద కలిసిన ఆకుపచ్చ రంగులో లేత హూడియా ఉంది. పసితనంలో ఎండ నుంచీ మేసే జంతువుల నుంచీ కాపాడే పొద నీడ దొరికిన మొక్కలే ఎక్కువగా బతుకుతాయని అతడు చెప్పాడు.

ఎదిగిన మొక్క మరో పదడుగుల దూరంలో కనిపించింది. ఒకే మొదలు నుంచి గుంపుగా లేచిన కాండాలు మోకాటి ఎత్తు దాటి ఉన్నాయి. ప్రతి కాండానికీ నిలువునా గట్లు, గట్ల వెంట వరుసగా ముళ్ళు. చూడగానే ఎవరైనా నాగజెముడు జాతి అనుకొంటారు గానీ, ఇది మన జిల్లేడు కుటుంబానికి చెందినది. కాయ పగిలినప్పుడు పట్టుకుచ్చులు కట్టుకొని గాలిలో ఎగిరే గింజలను చూస్తే ఆ చుట్టరికం ఇట్టే తెలుస్తుంది. మేము వెళ్ళింది అక్కడి వసంతకాలమైన సెప్టెంబరులో గనుక పూలు విరిసి ఉన్నాయి. చిన్న అప్పడమంత వెడల్పున, మాంసపు రంగులో, రేకులన్నీ కలిసిపోయి పళ్ళెంలా పరచుకొన్న పువ్వు అది. ముఖం దగ్గరగా పెట్టగానే కుళ్ళిన మాంసపు వాసన వచ్చింది. ఆ వాసనకు వచ్చే ఈగలే దీనికి పరాగసంపర్కం చేస్తాయి. నా మిత్రుడు ఈగ కాలికి అంటుకొన్న పుప్పొడి ముద్దను భూతద్దంలో చూస్తూ చాలాసేపు లేవనే లేదు.

అడవిలో ఈ మొక్కను అనుమతి లేకుండా తెంపడం నేరం. 2004లో బాంకాక్‌లో జరిగిన సమావేశంలో, అంతర్జాతీయ వ్యాపారాన్ని అనుమతులతో కట్టడి చేసే జాబితాలో హూడియాను చేర్చారు. అందువల్ల రుచి చూడటానికి సాగు చేస్తున్న ఒక రైతు పొలానికి వెళ్ళాము. ఆయన మందపాటి కాండం ఒకటి కోసి, ముళ్ళున్న అంచులను కత్తితో చెక్కి, లోపలి ముక్కను నా చేతికిచ్చాడు. కొరికితే మొదట నోటినిండా నీరు ఊరింది; ఆ వెంటనే చేదు మొదలై నాలుక వెనుక చాలాసేపు నిలిచింది. ఆ మధ్యాహ్నం నాకు భోజనం మీద ధ్యాస పుట్టని మాట నిజమే. అయితే ఎండలో అంతసేపు నడిచినవాడికి అది మొక్క మహిమేనని నేను చెప్పలేను.

మరునాడు ఉత్తరానికి, ఎర్ర ఇసుక దిబ్బల నడుమ సాగే దారిలో ఆండ్రీస్‌వేల్ చేరుకొన్నాము. 1999లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఖోమని శాన్ ప్రజలకు తిరిగి ఇచ్చిన భూములు ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. రోడ్డు పక్కన ఉష్ట్రపక్షి గుడ్డు పెంకులతో చేసిన పూసల దండలు అమ్ముతున్న కుటుంబాల దగ్గర, ఒకప్పుడు అడుగుజాడలు పట్టే పని చేసిన ఒక పెద్దాయన కూర్చొని ఉన్నాడు. అక్కడ తాతవయసు వారిని పిలిచే తీరున నేను ఆయనను "ఊపా" అని పలకరించి, హూడియాను ఎప్పుడు తినేవారని అడిగాను. మా యువకుడు ఆఫ్రికాన్స్ భాషలో అడిగి, జవాబును మాకు చెప్పాడు. "జాడ దొరికిన తరువాత జంతువు ఎంత దూరం పోతే మేమూ అంత దూరం పోవాలి. మధ్యలో తిండి కోసం ఆగితే వేట పోతుంది. అందుకని నములుతాము. ఇంటి దగ్గర కూర్చొన్నవాడికి అది ఎందుకు?" అన్నాడాయన. ఆ చివరి ప్రశ్న నన్ను ఆ తరువాత ప్రయాణమంతా వదలలేదు. ఎందుకంటే హూడియా వ్యాపార చరిత్ర అంతా ఇంటి దగ్గర కూర్చొన్నవారి కోసం నడిచిందే.

దక్షిణాఫ్రికా ప్రభుత్వ పరిశోధన మండలి 1963లోనే ఈ మొక్క మీద పని మొదలుపెట్టి, 1990లలో ఆకలిని అణచే పదార్థానికి పేటెంటు తీసుకొంది. దానికి పి57 అని పేరు పెట్టి బ్రిటన్‌లోని ఫైటోఫార్మ్ అనే మందుల కంపెనీకి హక్కులిచ్చింది; 1998లో అమెరికా మందుల కంపెనీ ఫైజర్ వచ్చి చేరింది. ఇంత జరిగినా, ఈ గుణాన్ని మొదట కనుగొన్న శాన్ ప్రజలను ఎవరూ ఒక్క మాటా అడగలేదు. 2001లో ఈ సంగతి పత్రికలకెక్కి, శాన్ సంఘాలు తమ న్యాయవాదితో కలిసి నిలదీసిన తరువాతే చర్చలు మొదలయ్యాయి. 2003 మార్చిలో ఒప్పందం కుదిరింది: పరిశోధన దశలు దాటినప్పుడల్లా మండలికి వచ్చే చెల్లింపుల్లో 8 శాతం, అమ్మకాల మీద దానికి వచ్చే వాటా అయిన రాయల్టీలో 6 శాతం శాన్ ప్రజలకు. ఆ వాటాను దక్షిణాఫ్రికాలోనే గాక పొరుగు దేశాల్లో ఉన్న శాన్ వారూ పంచుకోవాలని వారే నిర్ణయించుకొన్నారు. ఆ మాట విన్నప్పుడు నాకు ఆ ప్రజల మీద గౌరవం మరింత పెరిగింది.

రాయల్టీ మాత్రం కాగితం మీదనే మిగిలింది. ఫైజర్ 2003లో తప్పుకొంది. ఆ తరువాత చేపట్టిన యూనిలివర్, భద్రత విషయంలోనూ ఫలితం విషయంలోనూ తృప్తి లేక 2008లో విరమించుకొంది. 2011లో వెలువడిన అధ్యయనంలో 49 మంది మహిళలకు 15 రోజుల పాటు హూడియా సారం కలిపిన పెరుగు పానీయం ఇచ్చి చూస్తే, వారు తినే ఆహారం చెప్పుకోదగినంతగా తగ్గలేదు. పైగా వికారం, వాంతులు, రక్తపోటు పెరగడం వంటివి కనిపించాయి. ఎలుకల మెదడులోకి పి57ను నేరుగా ఎక్కించినప్పుడు వాటి తిండి బాగా తగ్గిందన్న 2004 నాటి ఫలితం కూడా ఉంది. అయితే మెదడులోకి సూదితో పంపడం వేరు, మనిషి నోటితో తినడం వేరు. ఇంటర్నెట్‌లో హూడియా పేరుతో అమ్మే మాత్రలు కొనేవారు ఈ రెండు సంగతులనూ ఒకచోట పెట్టి చూడాలని నేను గట్టిగా కోరుతున్నాను. వాటిలో చాలా వాటిలో అసలు హూడియానే లేదని పరీక్షల్లో తేలింది కూడా.

తిరుగు దారిలో నా మిత్రుడు కుందేటి కొమ్ముల ప్రస్తావన తెచ్చాడు. రాయలసీమ గుట్టల మీద రాళ్ళ సందున పెరిగే ఆ మొక్క హూడియాకు దగ్గరి చుట్టమే. పశువుల కాపరులు దాన్ని పచ్చిగానే, కొంచెం ఉప్పు అద్దుకొని తింటారు. ఇళ్ళల్లో పచ్చడి చేస్తారు. బెంగళూరులో జరిపి 2007లో వెలువరించిన పరీక్షలో, దీని సారాన్ని 60 రోజులు తీసుకొన్నవారికి ఆకలీ నడుము చుట్టుకొలతా కొంత తగ్గాయి గానీ, బరువులో స్పష్టమైన తేడా రాలేదు. ఆ సారమూ ఇప్పుడు గుళికల రూపంలో విదేశాలకు పోతోంది. ఇలాంటి మొక్కల మీద వచ్చే లాభంలో స్థానికులకూ వాటా ఉండాలనే మన జీవవైవిధ్య చట్టం 2002లోనే వచ్చింది. అయినా గుట్ట మీద ఆ మొక్కను గుర్తుపట్టి తెంపే కాపరికి ఆ చట్టం గురించి చెప్పినవారెవరు? వచ్చే వానాకాలంలో ఆ గుట్టల కింది పల్లెలకు వెళ్ళి, మొదట ఊరివాళ్ళ అనుమతి అడిగి, వారు సరేనంటే ఎవరు ఏ కాలంలో, ఏ అవసరానికి, ఎంత తింటారో వారి పేర్లతోనే రాసిపెట్టాలని విమానం ఎక్కేలోపు ఇద్దరమూ నిశ్చయించుకొన్నాము.