మా అనుదినాహారము, ఒక పిడికెడు బియ్యం

"మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము." (మత్తయి 6:11)

ప్రభువు నేర్పిన ప్రార్థనలో నేను ఎన్నో ఏళ్ళు తొందరగా దాటేసిన వాక్యం ఇదే. పరలోకం, రాజ్యం, చిత్తం, క్షమాపణ అనే గొప్ప మాటల నడుమ అన్నం ఊసు నా మనసుకు ఆనేది కాదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీలైన జ్యువెట్ దంపతులూ ముగ్గురు తెలుగు విశ్వాసులూ ఒంగోలు కొండ మీద మోకరించి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని వేడుకున్న సంగతి వింటూ పెరిగినదాన్ని కనుక, ప్రార్థన అంటే అంత పెద్దదే అడగాలనుకునేదాన్ని. దేవుడు నన్ను ఏ పని కోసం పుట్టించాడో తెలియజేయమని చాలాకాలం ఉపవాసముండి మరీ అడిగాను.

మా అమ్మ అటువంటి ప్రార్థన చేయగా నేనెన్నడూ వినలేదు. గుండ్లకమ్మ ఏటి దగ్గరి మా పల్లె నుండి ఆమె పొగాకు గ్రేడింగు పనికి వెళ్ళేది. చీకటితోనే లేచి, పొయ్యి మీద ఎసరు పెట్టి, చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతూ కూర్చునేది. ఎసరు కాగేలోపు జరిగేదే ఆమె ఉదయకాల ప్రార్థన. బియ్యం కడగబోయే ముందు అందులో నుండి ఒక పిడికెడు తీసి, పొయ్యి పక్కనున్న పాత పాలపొడి డబ్బాలో వేసేది. మా సంఘాల్లోని స్త్రీలకు పిడికెడు బియ్యం కొత్త సంగతి కాదు. వారమంతా అలా పక్కన పెట్టినదాన్ని ఆదివారం గుడికి తెచ్చి కానుకగా సమర్పిస్తారు. అయితే అమ్మ పిడికిలి ఆ డబ్బా మీద తెరుచుకోవడమూ, ఆమె నోటి నుండి "మాకు దయచేయుము" అనే మాట రావడమూ ఒకే క్షణంలో జరిగేవి. ఇంట్లో బియ్యం అడుగంటిన రోజున ఆ పిడికిలి చిన్నదయ్యేది కానీ, వేయడం మాత్రం మానేది కాదు.

ఈ ప్రార్థన మొత్తంలో 'నా', 'నాకు' అనే మాటలు ఒక్కసారైనా రావు. మా తండ్రీ, మా ఋణములు, మాకు దయచేయుము అనే అడుగుతాం. ఎదుటివారిని కలుపుకుంటే 'మనము' అనీ, వారిని అవతల ఉంచితే 'మేము' అనీ చెప్పే భాష మనది. ఇక్కడ అవతల ఉన్నవాడు ఇచ్చే తండ్రి ఒక్కడే. ఇవతల, గాదె నిండినవాడూ గంజి కూడా లేనివాడూ ఒకే వరుసలో చేతులు చాచి నిలబడాలి. ఆ వరుసలో నా పక్కన ఎవరున్నారో చూడకుండా 'మాకు' అనడం అబద్ధమవుతుందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారమైన మన్నా కూడా ఏ రోజుది ఆ రోజుకే దొరికింది. దాచుకున్నది మర్నాటికి పురుగు పట్టిందని నిర్గమకాండము 16వ అధ్యాయం చెబుతుంది.

మన నేల మీద ఈ వాక్యాన్ని నిజమైన ఆకలితో పలికిన తరం ఒకటుంది. 1876-78 నాటి కరవులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని కాంట్రాక్టుగా తీసుకుని, ఆకలితో వచ్చినవారికి పనీ కూలీ దొరికేలా చూశారు. అన్నం కోసం ఎవరూ విశ్వాసులు కాకూడదని, ఆ నెలల్లో బాప్తిస్మం ఇవ్వడం ఆపేశారు. 1878 జులై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతిని మనం తరచుగా చెప్పుకుంటాం. నా మనసు మాత్రం ఆ రోజు దగ్గర కాక, దానికి ముందటి కాలువ గట్టు దగ్గర ఆగుతుంది. అనుదినాహారం కోసం చేసిన ప్రార్థనకు అక్కడ జవాబు పారగానూ తట్టగానూ సాయంత్రపు కూలిగానూ వచ్చింది.

అమ్మ ప్రభువు సన్నిధికి వెళ్ళిన తరువాత ఆ పాలపొడి డబ్బా ఒంగోలులోని మా ఇంటికి వచ్చింది. ఊరికే ఉంచడానికి మనసొప్పక నేనూ పిడికెడు వేయడం మొదలుపెట్టాను. ఒక ఆదివారం, కానుకగా వచ్చిన బియ్యంలో కొంత మా వీధి చివర ఒంటరిగా ఉండే ఒక అవ్వకు ఇచ్చి రమ్మని పాస్టరమ్మగారు నా చేతికి ఇచ్చారు. సంచి గడపలో పెట్టి వచ్చేద్దామనుకున్నాను. అవ్వ నన్ను కూర్చోబెట్టి, దిండు కింద నుండి అట్ట ఊడిన బైబిలు తీసి, "కళ్ళు ఆనడం లేదమ్మాయ్, రెండు వాక్యాలు చదివిపెట్టి పో" అంది. ఆమె మూడు నెలలుగా వాక్యం చదువుకోలేదట. బియ్యం ఆమెకు అంత లోటు కాదు. ఆమె ఆకలి వేరే ఉంది, దానికి కావలసినవి నా రెండు కళ్ళూ అరగంట సమయమూ.

అప్పటి నుండి ప్రతి ఆదివారం సాయంత్రం వెళుతున్నాను. నన్ను ఎందుకు పుట్టించావని అడగడం ఎప్పుడు మానేశానో నాకు గుర్తు లేదు. ఇప్పుడు కీర్తనలు చదువుతున్నాము. చదవడం అయ్యాక అవ్వ కొంగు తల మీద కప్పుకుని పరలోక ప్రార్థన మొదలుపెడుతుంది. "మా అనుదినాహారము" దగ్గరకు రాగానే ఆగి, దూరాన ఉన్న కొడుకు పేరు, పక్కింటి పిల్లల పేర్లు, చివరకు నా పేరు కూడా మెల్లగా చెప్పుకుని, ఆ తరువాతే "నేడు మాకు దయచేయుము" అంటుంది.